తేదీ పడని మాటలు

మా మనవరాలి దగ్గర ఏడు వందల అట్టముక్కలున్నాయి. ఒక్కో ముక్కకు ఒకవైపు ఇంగ్లిషు మాట, రెండోవైపు దాని అర్థం. వందకొక కట్ట చొప్పున రబ్బరు బ్యాండ్లు వేసి చెప్పుల డబ్బాలో సర్దుకుంది. ఆగస్టులో జీఆర్‌ఈ రాయాలి. నాందేడ్‌లో వేసవి సాయంత్రం ఆరున్నర దాటితే గానీ నిమ్మళించదు. గోదావరి వైపు నుంచి గాలి మొదలయ్యాక ఇద్దరం వసారాలో చాప వేసుకుని కూర్చుంటాం. నేను మాట చదువుతాను, తను అర్థం చెబుతుంది. తప్పితే ఆ ముక్క వేరే కుప్పలోకి పోతుంది.

ఆ ముక్కలు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నా పాత కౌంటరు కళ్లముందు కదులుతుంది. ముప్పై నాలుగేళ్లు రైల్వేలో టికెట్లు ఇచ్చాను. కంప్యూటర్లు రాకముందు టికెట్టంటే చిన్న గట్టి అట్టముక్క. గోడకు అరల పెట్టె, ఊరికొక అర: ముద్‌ఖేడ్, ఉమ్రి, ధర్మాబాద్, బాసర, నిజామాబాద్. కిటికీలోంచి చెయ్యి వచ్చి ఊరి పేరు వినబడగానే ఆ అరలోంచి ముక్క లాగి తేదీ మిషన్లో దూర్చేవాణ్ణి. టక్కుమని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినేదాకా అది టికెట్టు కాదు. ఊరి పేరుంది, ధర ఉంది, నంబరుంది. దాన్ని పట్టుకుని ఎవరూ ఎక్కడికీ పోలేరు.

ఒక సాయంత్రం తను వరసగా నలభై మాటలకు తడబడకుండా అర్థాలు చెప్పింది. నాకు ముచ్చటేసింది. "ఈ మాట నీకెట్ల తెలుసు బిడ్డా?" అని అడిగాను. "అట్ట మీద ఉంది కద తాతా" అంది. ఆ జవాబులో తప్పేమీ లేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనం పుట్టి పెరగని భాషలో ఒక మాట నేర్చుకున్నప్పుడు, ఆ మాట తన సొంత బలంతో పలుకుతుందా, మన అమ్మ మాటను అరువు తెచ్చుకుని పలుకుతుందా? అరువు బలమే అయితే ఏడు వందలు కాదు, ఏడు వేలు నేర్చినా ఉన్నచోటే ఉన్నట్టు. సొంత బలమే అయితే అది మన దాకా ఏ దారిన వస్తుంది?

పరీక్ష రాసేవాళ్లకు ఈ ప్రశ్న అక్కర్లేదు. నాకు మాత్రం ఇది నలభై ఏళ్లుగా దేవుడి గురించిన ప్రశ్న.

మాది పద్మశాలి కుటుంబం. నాన్న ఉస్మాన్‌షాహీ మిల్లులో మగ్గం మీద పనిచేసేవాడు. 1948 దాకా నాందేడ్ నిజాం రాజ్యంలో ఉండేది కాబట్టి ఆయన చదివిన నాలుగు తరగతులూ ఉర్దూలోనే. 1956లో మా జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. నా బడి మరాఠీ. నాన్న సంతకం ఉర్దూలో, నాది మరాఠీలో, నా కూతురిది ఇంగ్లిషులో. వీధిలో దక్కనీ మాట్లాడేవాళ్లం. కోపమొచ్చినా ఏడుపొచ్చినా దేవుణ్ణి తలుచుకున్నా తెలుగే. ఇన్ని భాషల మధ్య పెరిగినవాడికి మాటకూ అర్థానికీ నడుమ ఉన్న సందు చిన్నప్పుడే కనబడుతుంది. ఒక్క నీళ్లనే ఇంట్లో 'నీళ్లు' అని, బళ్లో 'పాణీ' అని, వీధిలో 'పానీ' అని అడిగి తాగేవాణ్ణి. దాహం మారలేదు.

రైల్వే పరీక్షకు తయారవుతున్న రోజుల్లో నార్మన్ లూయిస్ 1949లో రాసిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' పాత ప్రతి ఒకటి దొరికింది. అర్థం కాని చోట్ల చెప్పించుకుందామని మా గల్లీ చివర ఉండే పంతులుగారి దగ్గరికి వెళ్లాను. రిటైరైన బడిపంతులు. వచ్చినవాడి కులమేమిటని అడగని మనిషి. పుస్తకం తిరగేసి చూసి, "మంచిదే. కాని ముందు అమరం పట్టు. మాటలను ఎట్ల చేరదీయాలో మనోళ్లు ఎప్పుడో కనుక్కున్నరు" అన్నారు. అట్లా ఇంగ్లిషు కోసం వెళ్లి అమరకోశం దగ్గర కూర్చున్నాను.

అమరసింహుడి పుస్తకం మూడు కాండలు. స్వర్గం పేర్లతో మొదలై, భూమి మీదికి దిగి, కడకు విశేషణాలూ నానార్థాలూ అవ్యయాలూ. పేర్లతోపాటు వాటి లింగాలూ తెలిసేలా కట్టిన శ్లోకాలు. దానికి తెలుగులో గురుబాలప్రబోధిక అనే టీక ఉంది. ఆ పేరు నాకు చాలా ఇష్టం. గురువునూ బాలుణ్ణీ ఒక్క మాటలో పక్కపక్కన కూర్చోబెట్టింది. పొద్దున్నే ఐదు శ్లోకాలు వల్లించి అప్పజెప్పాలి. అర్థం తర్వాత. పంతులుగారు గొంతెత్తి చెబితే నేను తిరిగి చెప్పేవాణ్ణి. ఇప్పుడు మా మనవరాలు చేస్తున్నదీ పైకి చూస్తే అదే పని. తేడా ఒక్కటే: నాకు ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు.

అమరం తర్వాత తర్కసంగ్రహం. రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే, పదిహేడో శతాబ్దం మనిషి. పదానికి అర్థాన్ని చెప్పగల శక్తి ఎక్కడిదని ఆ చిన్న పుస్తకం అడుగుతుంది. ఈ పదం నుంచి ఈ అర్థం తెలియాలని ఈశ్వరుడు చేసిన సంకేతమే ఆ శక్తి అంటుంది. అది మొదటిసారి విన్న రోజు నేను గోదావరి గట్టు దాకా నడిచి వెళ్లి చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. చెట్టు అంటే చెట్టే గుర్తుకు రావడం వెనక భగవంతుడి ఇచ్ఛ ఉందా? అయితే ఊరికే పలికే మాట అంటూ ఒకటుందా?

మర్నాడు అడిగాను: "మరి ఇంగ్లిషు మాటలో పంతులుగారూ?" ఆయన కాసేపు ఊరుకుని, దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పారు. సంస్కృతం కాని మాటలకు సొంత శక్తి లేదన్నది పాత నైయాయికుల, అంటే తర్కశాస్త్రం వాళ్ల పట్టు. అట్లాంటి మాట వింటే శక్తి ఉన్నట్టు భ్రమ కలిగి అర్థం తోస్తుంది, లేదా వినేవాడికి లోపల అసలైన సంస్కృత పదం గుర్తొచ్చి దానివల్ల అర్థమవుతుంది. ఇంగ్లిషు సంగతి దేవుడెరుగు, ఈ లెక్కన మా తెలుగే అరువు భాష. నాకు అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. "బువ్వ తిను కొడుకా" అని ఆమె పిలిచినప్పుడు ఏ సంస్కృత పదాన్ని గుర్తు తెచ్చుకుని నేను నోరు తెరిచాను?

వైయాకరణులు ఈ వాదాన్ని ఒప్పుకోలేదని తర్వాత తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. అన్ని భాషల మాటలకూ శక్తి ఉందని వాళ్లలో తర్వాతివాళ్లు గట్టిగా నిలబడ్డారు. అంతకు చాలా ముందే భర్తృహరి వాక్యపదీయంలో ఒక లోతైన మాట చెప్పి పెట్టాడు. తరతరాలుగా ఏ జనంలో ఏ మాట పాతుకుపోయిందో వాళ్లకు అదే నేరుగా అర్థమిస్తుంది. వాళ్ల ముందు సాధుశబ్దమే, అంటే వ్యాకరణం ఒప్పిన సంస్కృత పదమే మూగదవుతుంది. దాన్ని నేను మా ఇంట్లోనే రోజూ చూస్తున్నాను. మా మనవరాలి నోటి నుంచి 'సారీ' అన్న మాట గుండెలోంచి వస్తుంది. 'క్షమించు' అనాలంటే తను ఒక క్షణం ఆగి, తలలో వెతుక్కుని, నాటకంలో పాత్రలా అంటుంది. ఆ ఒక్క మాట విషయంలో ఆ పిల్లకు ఇంగ్లిషే అమ్మ మాట, మన మాటే పరాయిది. ఇది నన్ను బాధపెడుతుంది, అయినా నిజం నిజమే.

శక్తి ఉందనే అనుకుందాం. అది మనకు పట్టుబడే దారి? దీన్ని శక్తిగ్రహం అంటారు. తర్కశాస్త్రం చదివే పిల్లలు దానికి ఎనిమిది దారులు కంఠస్థం చేస్తారు. వ్యాకరణం ఒకటి, కోశం ఒకటి, నమ్మదగినవాళ్లు చెప్పే ఆప్తవాక్యం ఒకటి. ఉపమానం మరొకటి: ఆవులాంటి అడవి జంతువును గవయం అంటారని విని అడవికి పోయినవాడు దాన్ని చూడగానే ఓహో ఇదే అనుకోవడం. ఒక మాటకు రెండర్థాలున్నప్పుడు ముందూ వెనకా ఉన్న వాక్యం తేల్చడం వాక్యశేషం. తెలిసిన మాటలతో విడమర్చి చెప్పడం వివృతి. మామిడిచెట్టు మీద పికం తియ్యగా కూస్తోందని వింటే, పికమంటే తెలియనివాడికి కూడా కోయిల అని తెలిసిపోవడం సిద్ధపద సాన్నిధ్యం.

ఎనిమిదోది, అన్నిటికంటే ముందు నిలబడేదీ వ్యవహారం. దానికి చెప్పే కథ నాకు ఎంత విన్నా తనివి తీరదు. ఇంటి పెద్ద పనివాడితో ఆవును తోలుకు రమ్మంటాడు. పక్కన మాటలింకా రాని పసివాడు చూస్తుంటాడు. పనివాడు వెళ్లి ఆవును తెస్తాడు. ఇంకోసారి ఆవును కట్టేసి గుర్రాన్ని తెమ్మంటాడు. ఏ మాట తీస్తే ఏ పని మారింది, ఏ మాట చేరిస్తే ఏ జంతువు వచ్చింది అని పసివాడు లోలోపల కలుపుకుంటూ విడదీసుకుంటూ పోతాడు. ఎవరూ వాడికి పాఠం చెప్పలేదు. ఒక పెద్ద నోట మాట, ఒక మనిషి చేతిలో పని, ఒక ఆవు: ఆ మూడింటి మధ్య శక్తి మెరిసింది.

మా మనవరాలి చెప్పుల డబ్బాలో ఉన్నది ఎనిమిదింటిలో ఒక్క కోశమే. కోశాన్ని నేను చిన్నచూపు చూడను. ఆగస్టు దగ్గరపడుతోంది, చదువుకు బ్యాంకు లోను కావాలి, ఏడు వందల మాటలకు ఏడు వందల మంది గురువులను వెతుక్కునే తీరిక ఏ పిల్లకుంది? మిగిలిన ఏడు దారుల మాట నేను ఎత్తకపోతే మాత్రం ఆ పిల్ల ముందు దాచిపెట్టినవాణ్ణవుతాను. ఎందుకంటే కోశాన్నొక్కదాన్నే నమ్మి నేను ఒకసారి చేసిన పని ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మా స్టేషన్ దగ్గర ఒక కీమన్ ఉండేవాడు. నిజామాబాద్ వైపు తెలుగువాడు. రోజూ సుత్తె, పానా భుజాన వేసుకుని పట్టాల వెంట నడుస్తూ వదులైన చాబీలు బిగించడం అతని పని. చాబీవాలా అనేవాళ్లం. నలభై దాటకుండానే జబ్బు చేసి పోయాడు. సంతాప సభకు ఇంగ్లిషులో ఒక కాగితం టైపు చేయించాలన్నారు. ఇంగ్లిషు బాగా వచ్చినవాడినని పేరు నాకు. ఆ రాత్రి కూర్చుని రాశాను. 'ఇన్‌డిఫాటిగబుల్' అని వేశాను. లూయిస్ పుస్తకం పట్టుకున్న రోజుల్లో నోటుబుక్కులో ఎక్కించుకున్న మాట, ఇన్నేళ్లకు దాన్ని వాడే చోటు దొరికిందని లోపల సంతోషపడ్డాను. చావు కాగితం రాస్తూ సంతోషపడ్డాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

సభ అయ్యాక అతని భార్య ఆ కాగితం మడతపెట్టి కొంగున ముడేసుకుని నా దగ్గరికి వచ్చింది. "అన్నా, ఆయన గురించి ఏం రాసినవు?"

"మంచిగ రాసిన చెల్లె."

"మంచిగ అంటె?"

నాకు నోరు పెగల్లేదు. నా దగ్గరున్నది ఇంగ్లిషు మాటకు ఇంగ్లిషులోనే ఉన్న అర్థం. లాటిన్ ధాతువు ఏమిటో తెలుసు, ఉపసర్గలు ఎట్లా అతుక్కున్నాయో తెలుసు. ఆ మాటను ఆమె ముందు పెట్టడానికి ఒక్క ముక్క తెలుగు దొరకలేదు. అలుపు అన్న మాట నాకు రానిది కాదు. ఆ రెండు మాటలనూ నేను ఎన్నడూ ఒకచోటికి తీసుకురాలేదు, అంతే. "చానా కష్టపడేటోడు అని రాసిన" అని ఏదో అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "కష్టపడుడు కాదన్నా. అలసిన అని ఆయన ఎన్నడు అనలేదు. తెల్లారక ముందె లేచి పట్టా వెంబడి పోయెటోడు. ఇంటికొచ్చి పిల్లలిద్దర్ని భుజాల మీదెక్కించుకొని గల్లంత తిప్పెటోడు. జరంత కూసోరాదు అంటె నవ్వెటోడు. కడాకరికి మంచాన పడ్డంక గూడ అలసిన అనలే."

తను అడిగిన ప్రశ్నకు తనే జవాబు చెబుతున్నానని ఆమెకు తెలియదు. కాగితంలో నేను వేసిన మాటకు అర్థం ఆమె నోట్లోంచి వచ్చింది. అప్పుడు నాకు ఆ మాట తెలిసింది. అప్పటిదాకా ఊరి పేరుతో నంబరుతో అరలో పడి ఉన్న ముక్క మీద ఆ మధ్యాహ్నం తేదీ పడింది. ఆ తర్వాత ఆ మాటను నేను ఒక్కసారి కూడా ఇంకెవరికీ వాడలేదు. నాకు అది ఆ మనిషి పేరు.

ఇదెందుకు ధర్మం సంగతి అని నన్ను అడగవచ్చు. అర్థం లోపలికి రాని మాటను గొప్ప కోసం వాడటం అబద్ధం కాదు, కానీ అబద్ధానికి చుట్టం. వేదార్థం తెలియకుండా వేదం మోసేవాణ్ణి యాస్కుడి నిరుక్తం బరువు మోసే గుంజతో పోలుస్తుంది. ఆ పోలికలో దూషణ కన్నా జాలి ఎక్కువగా నాకు వినబడుతుంది. గుంజకు బరువు తెలుస్తుంది, తన మీద ఏముందో తెలియదు. ఆ రోజు సభలో నేను గుంజను.

మరి పరాయివాళ్ల మాట మనకు ఆప్తవాక్యం అవుతుందా? వేదాన్నే ప్రమాణంగా పట్టుకున్న మీమాంసకులు ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు చదివి ఆశ్చర్యపోయాను. పిక, నేమ, తామరస వంటి కొన్ని మాటలు వైదిక గ్రంథాల్లో వస్తాయి గానీ ఆర్యులకు వాటి అర్థం తెలియదు. వాళ్లు మ్లేచ్ఛులని పిలిచే జనం మాత్రం వాటిని రోజూ వాడుతున్నారు. ఏం చేయాలి? ధాతువులు విరగ్గొట్టి సొంతంగా అర్థం ఊహించుకోవాలా, ఆ జనాన్ని అడగాలా? అడగాలనే తేల్చారు. పిక అంటే కోయిల, నేమ అంటే సగం, తామరస అంటే తామర. పక్షులను పట్టడంలో, పెంచడంలో వాళ్లే మనకన్నా నేర్పరులని శబరుడు భాష్యంలో ఒప్పుకున్నాడు. ఎంత నిష్ఠ ఉన్నవాడైనా పక్షి పేరు కోసం పక్షిని పట్టేవాడి దగ్గరికే పోవాలి.

దీని మీద తంత్రవార్తికం రాసిన కుమారిలభట్టు ఇంకా ముందుకు వెళ్లి, మన దక్షిణాది మాటలనే ఉదాహరణలుగా తెచ్చాడు. ద్రావిడులు అన్నాన్ని 'చోర్' అంటే, సంస్కృతం తెలిసినవాళ్లు దాన్ని 'చోర' చేసి దొంగ దాకా పోతారు. దారిని 'అతర్' అంటే, దాటడానికి కష్టం కనుక అతరమే అని సంతోషిస్తారు. పామును చెప్పే మాట వినబడితే 'పాప' అని దిద్ది, నిజమే అది పాపిష్ఠిదే కదా అంటారు. తన చెవికి తెలిసిన చప్పుడును పట్టుకుని ఇంకొకరి మాట మీద తన అర్థం రుద్దడం తప్పని ఏడో శతాబ్దంలోనే చెప్పాడు. సీపీ బ్రౌన్ 1852లో తెలుగు–ఇంగ్లిషు నిఘంటువు అచ్చు వేయించే నాటికి ఆయన వెనక ఏళ్ల తరబడి పండితుల సాంగత్యం ఉంది. కడపలో వాళ్లను తన బంగళాలో పెట్టుకుని, తన జీతంలోంచి ఖర్చుపెట్టి చెప్పించుకున్నాడు. ఆయనకు కుమారిలుడి వాక్యం తెలుసో తెలియదో గానీ ఆ వాక్యం చెప్పినట్టే నడిచాడు.

మా మనవరాలికి గుర్తుండే చిట్కాలు చాలా ఉన్నాయి. 'లాకోనిక్' అంటే నోటికి లాకు వేసినట్టు తక్కువ మాట్లాడటమని పెట్టుకుంది. గుర్తుంటుంది, సందేహం లేదు. కానీ ఆ మాట వెనక లాకోనియా అనే ఒక సీమ ఉంది. స్పార్టా ఊరున్న సీమ. అక్కడి జనం కొద్ది మాటల్లో తెగ్గొట్టి చెప్పేవాళ్లని పేరు. లాకు వేస్తే ఒక సీమ జనమంతా తలుపు అవతలే ఉండిపోయారు. ఈ సంగతి చెబితే, "ఎగ్జామ్‌ల అడగరు తాతా" అని నవ్వి, అట్ట వెనక చిన్నగా 'స్పార్టా' అని రాసుకుంది.

ఇక్కడ, నాందేడ్‌లో, ఈ ప్రశ్నను పట్టించుకోకుండా బతకడం కష్టం. మా ఇంటి నుంచి సచ్‌ఖండ్ గురుద్వారా బంగారు శిఖరం కనబడుతుంది. 1708లో గురు గోవింద్ సింగ్ ఈ గోదావరి ఒడ్డునే శరీరం విడిచారు. విడిచే ముందు, తన తర్వాత మనిషి గురువు ఉండడని, గ్రంథమే గురువని చెప్పారు. అంటే మా ఊళ్లో శబ్దం గద్దెనెక్కింది. ఆ గ్రంథానికి 1430 పుటలు. పొద్దున తెరిచి ప్రకాశం చేస్తారు, రాత్రి పట్టు గుడ్డలు కప్పి విశ్రాంతికి తీసుకుపోతారు, చామరం వీస్తారు. గోదావరి నీళ్లు గాగర్‌లో మోసుకొచ్చి సేవ చేయడం ఇక్కడి నిత్యకృత్యం. ఆ గద్దె మీద ఉన్నవి సంస్కృత పదాలు మాత్రమే అయితే పాత నైయాయికులు తృప్తిపడేవారు. కానీ అందులో పంజాబీ ఉంది, వ్రజభాష ఉంది, ఫార్సీ మాటలున్నాయి. నామదేవుడి పదాలు 61 ఉన్నాయి. ఆయన ఊరుగా చెప్పే నర్సీ మాకు పక్క జిల్లా హింగోలీలో ఉంది. ఒక మరాఠీ దర్జీ ఇంటి మాట పంజాబు దాకా నడిచిపోయి, గురువై, మళ్లీ మా గోదావరి ఒడ్డుకే వచ్చి కూర్చుంది. సామాన్యుల మాటకు శక్తి లేదని ఎవరైనా అంటే నేను వాదించను. ఆ వాకిట్లో కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి తల వంచి వస్తాను.

కౌంటర్లో ఉన్నప్పుడు నిహంగ్ సిక్కులు టికెట్టుకు వచ్చేవాళ్లు. నీలం బట్టలు, ఎత్తైన తలపాగా. ఒకసారి ఒంటరిగా వచ్చిన ముసలాయన్ను ఎన్ని టికెట్లని అడిగితే "సవా లాఖ్" అన్నాడు. లక్షా పాతికవేలు. వెనకున్న సిక్కు కుర్రాడు, ఒక్కటి ఇవ్వమన్నాడు. అది వాళ్ల బోలే, వాళ్లలో వాళ్లు వాడుకునే మాటల తీరు. మొఘలుల కాలంలో అడవుల్లో తిండికి మాడుతూ తిరిగినప్పటి నుంచి వచ్చిన మాటలంటారు. ఒక్క మనిషిని సవా లాఖ్ అంటారు. శనగలను బాదంపప్పు అంటారు. ఉల్లిగడ్డను రూపా, అంటే వెండి అంటారు. వంటశాలలో ఏమీ లేని రోజున లంగర్ మస్తుగా ఉందంటారు. ఇది కూడా పదసంపదే. ఏ కోశంలోంచీ ఎత్తి రాసుకున్నది కాదు, ఆకలిలోంచి తీసుకున్నది. అమరసింహుడు ఒక వస్తువుకు పది పేర్లు చెప్పాడు. వీళ్లు లేమికి కలిమి పేరు పెట్టి, ఖాళీ కడుపుతోనే ఆ పేరును నిలబెట్టారు. అది భ్రమ అంటారా? శనగలు తిని బాదం అన్నవాడికి అవి శనగలని తెలుసు. తెలిసీ తల ఎత్తుకుని అన్నాడు.

ఆ ముసలాయన రైలెక్కి వెళ్లిపోయాక నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మిల్లు ఆగిన నెలల్లో నాన్నకు కూలి ఉండేది కాదు. గిర్నీకి పోవడానికి జొన్నలుండేవి కావు. అట్లాంటి పొద్దున అమ్మ పొయ్యి రాజేయకుండా గడప కడిగి బొట్టు పెట్టేది. "ఇయ్యాల మనకు ఏకాశి" అనేది. ఏకాదశి ఒక నెలలో రెండుసార్లే వస్తుందని బళ్లో చెప్పారు నాకు. మా ఇంట్లో ఆ ఏడు ఒక నెలలో ఆరు ఏకాశులు వచ్చాయి. నేనూ తమ్ముడూ నీళ్లు తాగి, దేవుడి పటం ముందు దండం పెట్టుకుని బడికి పోయేవాళ్లం. ఆమె అన్న మాటలో దేవుడు లేడని నాకు ఇప్పటికీ అనిపించదు.

మొన్న సాయంత్రం నాలుగో కట్ట విప్పాం. 'మెల్లిఫ్లువస్' వచ్చింది. "మెల్లగ ఫ్లో అయ్యే మాట" అంది. అర్థం దగ్గర్లోనే ఉంది, మార్కు వస్తుంది. నేను కుమారిలుడి దొంగా అన్నం కథ చెప్పాను. ఈ మాటలో మెల్ అంటే మెల్లగా కాదు, లాటిన్లో తేనె. రెండో సగం పారడం. మన తేనెలొలకడమే అక్షరాలా. తను కళ్లు పెద్దవి చేసింది. వేల మైళ్ల అవతలి వాళ్లకు కూడా తియ్యటి మాట వింటే తేనె కారుతున్నట్టే తోచిందంటే, ఏది ఎవరి దగ్గర అరువు? నాకు తెలిసినంతలో ఎవరూ ఎవరి దగ్గరా తీసుకోలేదు. తేనె ఉంది, విన్న చెవి ఉంది.

"మరి నాకు ఎట్ల తెలవాలె తాతా? తేనె తెలుసు. తేనె కారినట్టు మాట్లాడేటోళ్లు ఎవరు?"

"అమ్మమ్మనడుగు" అన్నాను.

వంటింట్లో బీరకాయ కోస్తున్న మా ఆవిడ తల ఎత్తకుండానే చెప్పింది: "పొద్దుగాల గురుద్వారల పాడెటాయన లేడూ. ఏం భాషనో నాకు సమజ్ గాదు. గాని మైకుల ఆ గొంతు ఇనబడ్డదంటె చేతుల పని ఆగుతది."

మా ఆవిడకు పంజాబీ రాదు, ఇంగ్లిషు రాదు. ముప్పై ఏళ్లుగా తెల్లవారుజామున ఆ కీర్తన వింటూ ముగ్గేస్తోంది. మనవరాలు అట్ట తిప్పి అచ్చు అర్థం కింద ఏదో రాసుకుంది. ఏం రాసిందో నేను చూడలేదు. మర్నాడు నాలుగున్నరకు అలారం పెట్టుకుని, దుప్పటి కప్పుకునే వసారాలోకి వచ్చి అమ్మమ్మ పక్కన నిలబడి వింది.

నిన్న మళ్లీ కూర్చున్నాం. గాలి లేదు, విసనకర్ర ఊపుకుంటూ తనే కట్టలోంచి ఒక ముక్క లాగింది.

"పెన్యురీ" అని చదివి, లేమి అని అర్థం ఉన్న వెనకవైపుకు తిప్పబోయి ఆగింది. ముక్కను బోర్లా పట్టుకునే నా వైపు చూసింది. "ఇది ఎవరినడగాలె తాతా?"

"నన్నడుగు బిడ్డా" అన్నాను.